ఒక్క పావుగంట ఇస్తారా?

న్యూయార్క్‌లోని వాల్‌స్ట్రీట్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి పది నిమిషాల్లో నడిచేయొచ్చు. అటు ట్రినిటీ చర్చి, ఇటు ఈస్ట్‌ రివర్‌. 1653లో డచ్చివాళ్లు కట్టిన గోడ వల్ల వీధికి ఆ పేరొచ్చింది. 1699లో గోడని పడగొట్టేశారు.

కానీ బ్యాంకు ఉద్యోగం కోసం వచ్చే విద్యార్థులకి అది ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. ఇక్కడ మొదట్నుంచీ పరిచయాలదే పెద్దపీట. 1792లో 24 మంది బ్రోకర్లు ఈ వీధిలోనే, ఓ చెట్టు కింద ఒప్పందం రాసుకున్నారంటారు. లావాదేవీల్లో తమలో తమకే ముందు అవకాశం అన్నది అందులో ఓ షరతు!

మరి ఎవరూ తెలియనివాళ్లో? తమ కాలేజీలో చదివి బ్యాంకుల్లో చేరినవారిని లింక్డిన్‌లో వెతుకుతారు. నాలుగు వాక్యాల మెయిల్‌ పెడతారు. 'మీ పని గురించి తెలుసుకోవాలనుంది, పావుగంట మాట్లాడతారా?' అంతే! ఉద్యోగం మాటెత్తకూడదు. చాలామంది జవాబివ్వరు. వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయొచ్చు. ఒప్పుకుంటే ఫోనో, కాఫీనో. దరఖాస్తుల గుట్టలోంచి మన కాగితం పైకి రావాలంటే లోపల ఒకరికైనా మన పేరు తెలియాలి మరి!

మనవాళ్లకి ఇది మరీ కష్టం. ఊళ్లో అయితే తెలిసినవాళ్లచేత చెప్పిస్తాం. ఇక్కడ తెలిసినవాళ్లనే తయారుచేసుకోవాలి. పైగా చదువయ్యాక దొరికే ఏడాది ఓపీటీలో పనిలేకుండా ఉండగలిగేది 90 రోజులే.

పెద్ద బ్యాంకులు చాలావరకూ వేరే వీధులకి మారాయి. ఆచారం మారలేదు. ఎప్పుడైనా అటు వెళితే ఎద్దు బొమ్మతో ఫొటో దిగి, దగ్గర్లో కాఫీ తాగండి. కొత్త సూటులో తలుపువంకే చూస్తున్న కుర్రాడు కనిపించొచ్చు. రాబోయే మనిషి అతనికీ కొత్తే!