గోలు కొట్టని హీరో

సినిమా హిట్టయితే హారతులు హీరోకి. కటౌట్లు హీరోకి. పాలాభిషేకాలూ హీరోకే! డైరెక్టరు మాత్రం ఎక్కడో వెనక వరసలో నిలబడి, జనం మొహాలు చూసుకుని మురిసిపోతుంటాడు. ఫుట్‌బాల్‌లో అచ్చం అలాంటి బతుకు కోచ్‌ది. గోలు కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు. దారి చూపించినవాడు లైను బయటే ఉండిపోతాడు.

నాకు సినిమా పిచ్చి ఎంతో, ఫుట్‌బాల్ పిచ్చీ అంతే. 2024లో అజయ్ దేవగన్ ‘మైదాన్’ రాగానే మా కుర్రాళ్ళని వెంటేసుకుని వెళ్ళాను. ఇంటర్వెల్‌లో ఒకడు సమోసా నములుతూ, "అన్నా, ఈ రహీం అనే ఆయన నిజంగా ఉన్నాడా, కథేనా?" అనడిగాడు. గుండె కలుక్కుమంది! హైదరాబాదులో కూర్చుని హైదరాబాదీ గురించి అడగాల్సిన మాటా అది? వాణ్ణి అని లాభం లేదు. వాడికి చెప్పినవాళ్ళేరీ?

అందుకే నేను చెబుతున్నాను, వినండి.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా తరఫున ఆడారు, క్లబ్బులకీ ఆడారు. వృత్తి బడిపంతులు. ఆటగాడిగా దేశమంతా మోగిన పేరు కాదది. కానీ ఆయన చేతుల్లో పడ్డ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1950 నుంచి వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు ఎగరేసుకొచ్చింది!

ఏమిటా కిటుకు అంటారా? కుర్రాళ్ళకి వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి రాగానే పక్కవాడికి అందించాలి. డైలాగు లేకుండా కళ్ళతోనే నటించమన్నట్టన్నమాట. కష్టమే. కానీ అలా నేర్చినవాడికి తిరుగుండదు. తులసీదాస్ బలరాం అనే సికిందరాబాదు పేద కుర్రాడు ప్రాక్టీసుకి రాలేనంటే, సైకిలు అద్దెకి డబ్బులిచ్చి మరీ రప్పించారని చెప్పుకుంటారు. ఆ కుర్రాడు తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు!

1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో మనకి బంగారు పతకం. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు! మనవాళ్ళు చాలామంది ఉత్తి కాళ్ళతోనే ఆడారు మరి. ఇంకొకరైతే మంచం పట్టేవారు. రహీం సాబ్ జట్టుని మళ్ళీ కట్టారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి వెళ్ళాం. ఆసియా నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి జట్టు మనదే.

ఇక క్లైమాక్సు 1962, జకార్తా. తైవాన్‌నీ ఇజ్రాయెల్‌నీ ఆటలకి రానివ్వలేదని మన అధికారి ఒకరు తప్పుపట్టారు. దాంతో అక్కడి జనానికి మనమంటే మంట. స్టేడియమంతా కేకలు, ఈలలు! మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. అప్పుడు రహీం సాబ్ ఏం చేశారో తెలుసా? అతణ్ణి ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. విలన్ వేషాలు వేసేవాణ్ణి రాత్రికి రాత్రి హీరోని చెయ్యడమే కదూ! ఫైనల్లో ఎదురుగా మళ్ళీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లున్న తలతోనే జర్నైల్ ఇంకో గోలు. 2-1. బంగారం మనది!

ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. యాభై మూడేళ్ళే. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారం మళ్ళీ మన గడప తొక్కలేదు. శిష్యుడు పి.కె. తర్వాత తానే గొప్ప కోచ్ అయ్యాడు. పాఠం ఊరికే పోలేదన్నమాట.

ఆయన మీద సినిమా రావడానికి అరవై ఒక్క ఏళ్ళు పట్టింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అజయ్ దేవగన్‌కి ఈలలు వెయ్యండి, తప్పు లేదు. కానీ ఇంటికెళ్ళాక మీ తాతగారినో, పక్కింటి పెద్దాయన్నో పట్టుకుని రహీం సాబ్ గురించి అడగండి. అసలు సినిమా వాళ్ళ నోటే ఉంది.