కుడివైపు మిగిలేది

ఆల్కీన్‌ని కాల్చడం గొప్పేం కాదు. నిప్పురవ్వ చాలు, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు అయిపోతుంది. కష్టమల్లా మధ్యలో ఆపడమే. ప్రొపిలీన్‌కి ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువుని తగిలించి, ఇక చాలు అనగలగాలి. అలా ఆగితే ప్రొపిలీన్ ఆక్సైడ్ వస్తుంది. మనం షాపులో నొక్కి నొక్కి చూసి కొనే ఫోమ్ పరుపు ముడిసరుకుల్లో అదొకటి.

పాత పద్ధతిలో ప్రొపిలీన్‌ని క్లోరిన్‌తో, నీళ్లతో కలిపి, తర్వాత సున్నం వేస్తారు. టన్ను సరుకుకి సుమారు రెండు టన్నుల కాల్షియం క్లోరైడ్ మిగులుతుంది, అదీ బోలెడంత నీళ్లలో కరిగి. వాడిన క్లోరిన్‌లో ఒక్క పరమాణువు కూడా సరుకులోకి చేరదు. వచ్చి, పని చేసి, మురుగులో పోతుంది.

నాన్న పాతికేళ్లు ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఆపరేటర్. అక్కడ తయారయ్యేది వేరే సరుకు, క్లోరిన్ లైను మాత్రం ఉండేది. ఇప్పుడు చంపాపేట్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఆగిపోయిన రోజు, రెండో అంతస్తు దగ్గర రెయిలింగ్ పట్టుకుని, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడతాడు. అందుకే ఏ సమీకరణం చూసినా నా కళ్లు ముందు కుడివైపు చివరికి పోతాయి.

ఇటలీలోని ఎని గ్రూపు 1983లో పేటెంట్ పొందిన టీఎస్-1 అక్కడే నన్ను ఆకట్టుకుంది. ఇది జియోలైట్ కుటుంబానికి చెందిన పదార్థం. సిలికా అల్లికలో అక్కడక్కడా సిలికాన్ బదులు టైటానియం కూర్చుంటుంది. రంధ్రాలు సుమారు 0.55 నానోమీటర్లు. లోపలికొచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని టైటానియం పట్టుకుని, దాని ఆక్సిజన్‌ని ప్రొపిలీన్ ద్విబంధానికి అందిస్తుంది. పక్కన మిగిలేది నీళ్లు. 2008లో దక్షిణ కొరియాలోని ఉల్సాన్‌లో, ఏడాదికి లక్ష టన్నుల ప్లాంటు ఈ దారిలో మొదలైంది. మన తార్నాక ఐఐసీటీలోనూ జియోలైట్ల మీద దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది.

నాన్నకి ఇదంతా చెప్పాను.

"గయితే ఏం మిగుల్తది?"

"నీళ్లు నాన్నా. టన్నుకి మూడొందల కిలోల పైన."

"ఉత్త నీళ్లేనా?"

పూర్తిగా కాదు. పెరాక్సైడ్ తయారీకి హైడ్రోజన్ కావాలి, అది ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అక్కడ బయటపడుతుంది. అదీ చెప్పాను. ఇలాంటి పేపర్లలో సెలెక్టివిటీకి ఒక కాలమ్ ఉంటుంది, కన్వర్షన్‌కి ఒకటి ఉంటుంది. లైను దగ్గర నిలబడే మనిషికి ఉండదు.

నాన్న కాసేపు ఆలోచించాడు.

"మంచిగనే ఉంది. గని పెరాక్సైడ్ గూడ మంటనే గద. మాస్కు, గ్లౌజులు ఇయ్యాలె."