కెమెరాకు అటువైపు

సుహాసిని అనగానే మీకేం గుర్తొస్తుంది? మా తరం వాళ్లకైతే ‘మంచుపల్లకి’, ‘స్వాతి’ గుర్తొస్తాయి. గలగలా మాట్లాడుతూ, మన పక్కింటి పిల్లలా కనిపించే నాయిక. 1984లో వచ్చిన ‘స్వాతి’ని నేను చింతూరులోనే చూశాను, టీవీలో. టీచరుగా ఇక్కడికి వచ్చిన కొత్త రోజులవి. ఒక్క బ్లాక్ అండ్ వైట్ టీవీ, దాని ముందు పాతికమంది. శబరి మీంచి గాలి వీచిందంటే తెరంతా చుక్కలే. ఎవరో ఒకరు బయటికెళ్లి వెదురు గడకు కట్టిన ఏంటెన్నాను తిప్పాలి. ‘వచ్చిందా?’ అని అక్కణ్నుంచి కేక, ‘లేదు, ఇంకాస్త’ అని ఇక్కణ్నుంచి కేక. తల్లికి దగ్గరుండి పెళ్లి చేసే కూతురి కథ అది. సినిమా అయిపోయాక ఆడవాళ్లెవరూ వెంటనే లేవలేదు.

అప్పట్లో నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ అమ్మాయి నటి కావాలని సినిమాల్లోకి రాలేదు. మద్రాసు అడయారులోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఛాయాగ్రహణం చదువుకుంది. ఆ కోర్సులో చేరిన మొదటి అమ్మాయి తనే. చదువయ్యాక ప్రముఖ ఛాయాగ్రాహకుడు అశోక్‌కుమార్ దగ్గర సహాయకురాలిగా చేరింది. బరువైన పెట్టెలు మోయడం, లైట్లు సర్దించడం, వెలుగు కొలవడం... ఇదీ ఆ పని. దర్శకుడు మహేంద్రన్ ఆమెను పిలిచి కెమెరా ముందు నిలబెట్టారు. అలా 1980లో ‘నెంజత్తై కిళ్లాదే’ వచ్చింది. మరుసటి ఏడు భారతీరాజా ‘కొత్త జీవితాలు’తో తెలుగుకు వచ్చింది. 1985 నాటి ‘సింధుభైరవి’కి జాతీయ ఉత్తమ నటి అయింది.

అంటే మనం చూసిన సుహాసిని, చూడటం ముందే నేర్చుకుని మన ముందుకొచ్చిన మనిషి అన్నమాట. ఇది చిన్న తేడాలా అనిపిస్తుంది గానీ, కాదు. నటి పని తనను చూపించుకోవడం. దర్శకురాలి పని ఏది చూపించాలో, ఎంతవరకు చూపించాలో నిర్ణయించడం. మొదటిదానికి మన సినిమావాళ్లు వయసు లెక్క పెడతారు. ముప్ఫై దాటిందంటే వదిన, నలభై అంటే అమ్మ. రెండోదానికి ఆ లెక్క లేదు. అయితే ఆ కుర్చీలో ఆడవాళ్లను కూర్చోనిచ్చేదెవరు?

మన దగ్గర కూర్చున్నవాళ్లు లేకపోలేదు. భానుమతి 1953లోనే ‘చండీరాణి’ తీశారు. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. విజయనిర్మల ఏకంగా 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. కానీ ఆ ముగ్గురూ అప్పటికే పెద్ద తారలు. సినిమా అంటే లక్షలు, కోట్లు. అంత డబ్బు ఒక స్త్రీ మాట మీద పెట్టాలంటే ఎవరైనా నాలుగుసార్లు ఆలోచిస్తారు.

టీవీ వచ్చాక ఆ తలుపు కాస్త తెరుచుకుంది. 1991లో సుహాసిని దూరదర్శన్ కోసం ‘పెణ్’ అనే తమిళ సీరియల్ రాసి, తనే దర్శకత్వం వహించింది. పెణ్ అంటే స్త్రీ. వారానికో కథ, కథకో నాయిక. రేవతి, శోభన లాంటి పేరున్న నటీమణులు వాటిలో చేశారు. అరగంటలో కథ అయిపోవాలి. భారీ సెట్లుండవు, ఫైట్లుండవు. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, వాళ్ల మధ్య ఒక చిక్కు. పెద్ద తెర మీద ‘ఇందులో ఏముందండీ’ అని పక్కన పెట్టేసే సంగతులకు చిన్న తెర చోటిచ్చింది. ఆ తర్వాతే, 1995లో, ఆమె ‘ఇందిర’ సినిమా తీసింది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో, యాభై తొమ్మిదేళ్ల వయసులో, ఓటీటీ కోసం ముగ్గురు అక్కచెల్లెళ్ల చిన్న కథకు దర్శకత్వం వహించి, తనూ నటించింది.

తెలుగు లోగిళ్లలోనూ అదే జరిగింది. రాధిక నిర్మించి నటించిన ‘పిన్ని’ వచ్చే వేళకు వంటలు ముగించుకున్న ఇళ్లెన్నో! 2003లో ‘చక్రవాకం’, 2008లో ‘మొగలిరేకులు’ మొదలయ్యాక దర్శకురాలు మంజులా నాయుడు పేరు ఇంటింటికీ తెలిసింది. ఏళ్లకేళ్లు సాగే సీరియల్ వేరు, అరగంటలో తేలిపోయే కథ వేరు, నిజమే. కానీ రెండూ ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పాయి: యాక్షన్, కట్ అనే గొంతు ఆడగొంతు కూడా కావచ్చు.

ఇదంతా చింతూరులో కూర్చుని ఎందుకు చెబుతున్నానంటారా? మా ఊరికి ఈ సంగతి అందరికంటే ఎక్కువ అవసరం కాబట్టి. ఘాట్ రోడ్డెక్కితే మారేడుమిల్లి. ‘పుష్ప’తో సహా ఎన్ని సినిమాలు అక్కడ తీశారో! కెమెరాలకు మా అడవి కావాలి, వాగులు కావాలి. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆకులు కట్టించి, ముఖాలకు రంగులు పూసి, అర్థంలేని అరుపులు అరిపిస్తారు. కోయవాళ్లకు ఒక భాష ఉందని, కొమ్ముల నాట్యానికి ఒక పద్ధతి ఉందని ఎన్ని సినిమాలు పట్టించుకున్నాయి?

కొన్నేళ్ల కిందట మా పాఠశాల వార్షికోత్సవానికి ఒక నాటిక వేయించాను. అందులో కోయ అవ్వ పాత్ర ఒకటి. ఆ వేషం కట్టిన పిల్ల, సినిమాల్లో చూసిందేమో, నడుం వంచి వణుకుతూ నడిచింది. అందరం నవ్వుకున్నాం. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మాత్రం నవ్వలేదు. ‘మేడం, ఇప్పపువ్వు గంప నెత్తిన పెట్టుకున్న అవ్వ అలా నడవదు. నడుం నిటారుగా ఉంటుంది, మెడ కదలదు’ అంది. ఆ వేషం నువ్వే వెయ్యమన్నాను. ‘నేను వెయ్యను, దానికి నేర్పిస్తాను’ అంది. నేర్పించింది. నాటిక రోజు ఆ అవ్వ వేదిక మీదికి రాగానే వెనక వరసల్లోని తల్లులు కోయలో ఏదో అనుకుని గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ పూర్తిచేసింది. భూమి పండగకు ఊరంతా ఆడుతుంటే తను చిన్న ఫోన్‌తో వీడియో తీస్తూ తిరుగుతుంది. వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకుని మరీ నిలబడుతుంది. ఫొటోగ్రఫీలో డిగ్రీ చెయ్యాలని ఆశ. హైదరాబాద్‌లో అలాంటి కోర్సు ఉందని తనే కనుక్కుంది. వాళ్ల నాన్న నన్ను ఒకటే అడిగాడు: ‘ఫొటోలు తీస్తే అన్నం పెడుతుందా మేడం?’

నేను సుహాసిని సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ‘ఆమెకు సినిమాల్లో ఎవరైనా ఉన్నారా?’ అన్నాడు. ఉన్నారు. తండ్రి చారుహాసన్, బాబాయి కమల్‌హాసన్. దాచడానికేముంది? చెప్పాను. ‘మరి మా పిల్లకెవరున్నారు?’ అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. ఇంటిపేరు ఇన్‌స్టిట్యూట్ గుమ్మం దాకా తోడు రావచ్చు. లోపల వెలుగు కొలవడం మాత్రం ఎవరికి వాళ్లే నేర్చుకోవాలి. కానీ ఆ గుమ్మం దాకా వెళ్లడానికి కూడా మా పిల్లలకు బస్సు చార్జీ కావాలి, హాస్టల్లో చోటు కావాలి, ‘వెళ్లిరా’ అనే ఒక మాట కావాలి. మొదటి రెండూ నలుగురం పూనుకుంటే సమకూరతాయి. మూడోది ఆ తండ్రి నోటి నుంచే రావాలి.

ఆయనింకా ఏమీ చెప్పలేదు. కాదనీ అనలేదు. వచ్చే సంతరోజు ఊళ్లోకి వస్తాడు. పోయినసారి పండగకు తీసిన వీడియోలో వాళ్లమ్మ గంపెత్తుకుని నడిచే ముక్క ఒకటుంది. ఈసారి ముందు అది చూపించి, తర్వాత అడుగుతాను.