నేలకు దిగిన అంబాసిడర్

హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్ కారును, వెనుక కమానుకట్టల వంపు తగ్గించి, ముందు టోర్షన్ బార్లను, అంటే మెలిపడుతూ బరువు మోసే ఇనుప కడ్డీలను వదులుచేసి కిందికి దించినప్పుడు, టైరు ఎంపిక ఒక్క చక్రానికి సంబంధించిన విషయంగా మిగలదు. మడ్‌గార్డుకూ, స్టీరింగుకూ, అనంతపురం నేలకూ అందులో వాటా ఉంటుంది. టైరు పక్కగోడపై 165/80 ఆర్ 15 అని ఉంటే, మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పును, రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసాన్ని అంగుళాల్లో తెలుపుతాయి. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 645 మిల్లీమీటర్లు. దాని బదులు 185/65 ఆర్ 15 వేస్తే ఎత్తు 621 చిల్లరకు తగ్గి, బండి మరో 12 మిల్లీమీటర్లు దిగుతుంది. మొదటి టైరుకు సరిపోయిన స్పీడోమీటరు 60 చూపినా బండి పోయేది 58లోనే. పైగా స్టీరింగును చివరిదాకా తిప్పినప్పుడు వెడల్పు టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంటే, రబ్బరు భుజం మీద నున్నటి చార తేలుతుంది.

కంకర తేలిన ఎర్రనేల దారులూ, ఒకదానికొకటి పొంతనలేని స్పీడ్‌బ్రేకర్లూ ఉన్న ఈ మెట్ట సీమలో పొట్టి పక్కగోడ ఫొటోకు ముచ్చటే గాని, గుంతలో పడినప్పుడు దెబ్బంతా రిమ్ముకే తగులుతుంది. వేరుశనగ చేల బాట పట్టే బండికి 165/80 చాలు.