డోర్నకల్లులో ఒక పూట

కొత్తగూడెంలో ఉన్న మా తమ్ముడితో తాతలనాటి ఇంటి పంపకం మాట్లాడుకుందామని బయలుదేరాను. మాట్లాడుకోవడమని మర్యాదకు అంటున్నాను గాని, కాగితాల సంచీ పుచ్చుకుని పోట్లాడడానికే వెళుతున్నాను. డోర్నకల్ జంక్షనులో దిగేసరికి అందవలసిన బండి కాస్తా వెళ్ళిపోయింది. మరో బండికి నాలుగు గంటలు!

"ఈ ఊళ్ళో చూడదగ్గదేముందయ్యా?" అని టీకొట్టువాణ్ణి అడిగాను.

"పెద్ద చర్చి ఉంది గదండీ, చూసి రండి" అన్నాడు.

దూరాన్నుంచి చూసి దారి తప్పాననుకున్నాను. పైన మసీదుకున్నట్లు గుమ్మటాలు, మినార్లు. లోపల గుడి మండపాన్ని తలపించే స్తంభాలు. దొరల దేశంనుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్లు కాక, ఇక్కడి మట్టిలోనే మొలిచినట్లుండాలని బిషప్ అజరయ్యగారి పట్టుదల. 1939 జనవరి 6న దీని ప్రతిష్ఠ జరిగింది. ఆయన తిరునల్వేలి తమిళుడు; 1909లో ఇక్కడికి వచ్చి, తెలుగువాళ్ళ మధ్యనే స్థిరపడి, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు.

చర్చి చూపించిన పెద్దాయనను "మీది ఏ శాఖండీ?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "మా నాయనవైపు ఆంగ్లికన్లు, అమ్మవైపు మెదకు మెథడిస్టులు బాబూ. నా కాలానికి రెండూ ఒకటే అయ్యాయి."

అలా ఒకటి కావడం తేలిగ్గా జరగలేదు. మిషన్లవారు దేశాన్ని వాటాలు వేసుకున్నారు: మెదకు మెథడిస్టులకు, కడప లండన్ మిషనుకు, డోర్నకల్ ఆంగ్లికన్లకు. దొరలు తమ దేశంలో ఎన్నడో పడిన తగాదాలకు మన పల్లెటూరి రైతు వారసుడయ్యాడన్నమాట! ఇది పాపమని అజరయ్యగారి వాదం. 1919లో తరంగంబాడిలో కొందరు కూర్చుని కలుద్దామన్నారు. కలవడానికి 28 ఏళ్ళు పట్టింది.

చిక్కంతా బిషప్పుల దగ్గర వచ్చింది. బిషప్ చేతులమీదుగా అభిషేకం పొందనివాడు గురువే కాడని కొందరు. బిషప్పులే అక్కర్లేదని కొందరు. చివరికి పాతవాళ్ళను ఉన్నవాళ్ళను ఉన్నట్లే ఒప్పుకోవాలనీ, కొత్తవాళ్ళకు మాత్రం బిషప్పులే అభిషేకం చెయ్యాలనీ రాజీ కుదిరింది. నిన్నటిదాకా చేసింది తప్పని ఎవరిచేతా అనిపించలేదు. ఈ తెలివి నాకు నచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. అందరూ చేరారనుకునేరు! గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు నేటికీ వేరుగానే ఉన్నారు.

"అజరయ్యగారు ఆ రోజు మద్రాసులో ఉన్నారా?" అన్నాను.

పెద్దాయన మాట్లాడకుండా నన్ను బయటికి తీసుకువెళ్ళి సమాధి చూపించాడు. 1945 జనవరి 1న పోయారు. ఇంకో రెండేళ్ళ తొమ్మిది నెలలుంటే చూసేవారు. కాసేపు అక్కడే నిలబడ్డాను. సంచీ బరువనిపించి భుజం మార్చుకున్నాను.

భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగేసరికి చీకటిపడింది. తమ్ముడు పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడట.

"ఇంత ఆలస్యమైందేం అన్నయ్యా? భోంచేశావా?" అంటూ సంచీ అందుకోబోయాడు.

"లేదురా, చర్చి చూస్తూ ఉండిపోయాను. ముందు భోజనం పెట్టించు. ఈ కాగితాలు రేపు చూద్దాం" అన్నాను.