అద్దాలు వచ్చినయ్, మరి కంటి తెర సంగతేంది?

2018లో మొదలైన కంటి వెలుగు క్యాంపుల్లో మన ఊళ్లల్ల చానా మందికి అద్దాలు వచ్చినయ్. నాకూ వచ్చినయ్. మందు డబ్బా మీది అక్షరాలు మంచిగ కనబడుతున్నయ్. కానీ నా లెక్క షుగర్ ఉన్నోళ్లు ఒక్కటి యాది పెట్టుకోండ్రి: అద్దాలతోని చూపు తేటపడితే కంటి వెనక తెర బాగున్నట్టు కాదు.

దాన్నే రెటీనా అంటరు. దానికి వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు ఉంటయ్. ఏండ్లకేండ్లు షుగర్ ఎక్కువుంటే అవి పాత డ్రిప్ పైపుల లెక్క కారుతయ్, మూసుకపోతయ్. నొప్పి ఉండదు, మొదట్ల చూపు కూడా తగ్గదు. తగ్గిందని తెలిసేసరికి పోయిన చూపంతా తిరిగి రాకపోవచ్చు.

ఇగ బరువు. ట్రాక్టర్లు వచ్చినంక మన నడక తగ్గింది, బువ్వ తగ్గలే. పొట్ట చుట్టూ కొవ్వు చేరితే ఇన్సులిన్ సరిగ్గ పని చెయ్యది. షుగర్, బీపీ రెండూ పెరిగి దెబ్బ కంటికి తాకుతది.

నేను ఏటా తాండూరుల కంది అమ్మినంక రెటీనా పరీక్షకు పోత. చుక్కల మందు వేసి చూస్తరు. కొన్ని గంటలు మసకగ ఉంటది, బండి నడపొద్దు, తోడు ఒకర్ని తీసుకపోండ్రి. హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి సర్కారు కంటి దవాఖాన ఉన్నది.

మీ ఇంట్ల షుగర్ ఉన్నోళ్లకు ఆఖరుసారి చుక్కలు వేసి చూసింది ఎప్పుడు? ఇయ్యాల్నే అడగండ్రి.