సవాల్, జవాబ్

ఉర్దూలో సవాల్ అంటే ఉత్త ప్రశ్న. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చేసరికి మీసం మెలేసి తొడగొట్టే సవాలైపోయింది. జవాబు మాత్రం పాపం రెండు జబానుల్లోనూ జవాబే. మొన్న ఎయిర్‌పోర్ట్ బయట కూచున్న రాత్రి నాకు ఆ రెండు సవాళ్ళూ ఒక్కటే అనిపించాయి.

మాది శంషాబాద్. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ ఇక్కడికి రాకముందు సౌదీ పోయేవాళ్ళని సాగనంపాలంటే బేగంపేట పోవాలి, అదే ఒక సఫర్. ఇప్పుడు ఇంటి నుంచి ఆటోలో పావుగంట. దగ్గరైనంత మాత్రాన జుదాయీ తేలికవుతుందా! మావారు దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. తొమ్మిదేళ్ళయింది. రెండేళ్ళకోసారి నలభై అయిదు రోజుల ఛుట్టీ. అందులో సగం దావత్‌లకీ, సగం దవాఖానాలకీ సరిపోతుంది.

ఈసారి కూడా అంతే. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాకి పోయి వచ్చాం. అత్తమ్మ చేతికి ఇమామ్ జామిన్ కట్టి, దువా చదివి ఊదింది. రాత్రి తొమ్మిదికల్లా నేను, మావారు, ఏడో తరగతి చదివే మా బేటీ ఎయిర్‌పోర్ట్ చేరాం. లోపలికి మనల్ని రానివ్వరు కదా. బయట చాపలు పరుచుకుని జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చిన ఖాందాన్‌లకి ఖాందాన్‌లే ఉన్నాయి. టిఫిన్ డబ్బాలు, మల్లెపూల దండలు, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్లలు. అన్ని చాపల మీదా ఒకటే మాట: "పాస్‌పోర్ట్ పెట్టుకున్నవా? పైలం."

మేమూ అదే మాట్లాడుకున్నాం. పాస్‌పోర్ట్, ఇఖామా, గ్యాస్ సిలిండర్, స్కూల్ ఫీజు. పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత ఫ్లాస్కులో చాయ్ తప్ప మా మధ్య ఏమీ లేదు. మీ ఇంట్లోనూ గల్ఫ్ ఫోన్ ఉంటే మీకు తెలిసే ఉంటుంది. పైసలు ముట్టాయా, అమ్మీకి షుగర్ ఎంతుంది, కరెంట్ బిల్లు ఎంతొచ్చింది. తబియత్ కైసీ హై అంటే అచ్ఛీ హై. అది జవాబు కాదు, ఆదత్.

అప్పుడు మా బేటీ సంచిలోంచి స్లామ్ బుక్ తీసింది. క్లాసులో అందరితో రాయిస్తున్నదట. "అబ్బా, మీరు చెప్పండి, నేను రాస్తా. మీకు ఇష్టమైన రంగు?"

"నీలం తప్ప ఏదైనా" అన్నారాయన. "రోజూ డ్యూటీ యూనిఫాం నీలమే. చూసీ చూసీ జీ భర్ గయా."

సూట్‌కేసులో నేను పెట్టిన కొత్త చొక్కాలు రెండూ నీలమే. నోరు మూసుకున్నాను.

"ఇష్టమైన వంట?"

ఈ సవాల్‌కి జవాబు నాకు తెలుసు. గోష్త్ కా అచార్. ప్రతిసారీ రెండు కిలోల మాంసం కడిగి, ఆరబెట్టి, వేయించి, మూడు రోజులు వంటింట్లోనే ఉంటాను. ఆయన నావైపు ఒకసారి, పిల్లవైపు ఒకసారి చూశారు. "సచ్ బోలూఁ?"

"ఇందులో ఝూట్ రాయకూడదు అబ్బా."

"జొన్నరొట్టె, పచ్చిపులుసు."

"మరి అచార్?" అన్నాను నేను.

"రూములో వాళ్ళకి బహుత్ పసంద్. ఒక మలయాళీ భాయ్ అయితే నేను దిగకముందు నుంచే డబ్బా కోసం చూస్తుంటాడు."

"మీకు?"

"నువ్వంత మెహనత్ చేస్తుంటే వద్దని ఎట్లా అనను?"

నాకు గుస్సా వచ్చింది. అచార్ గురించి కాదు. తొమ్మిదేళ్ళు ఒక మనిషి పేరు మీద వండుతూ, ఆ మనిషి నాలుక మీద ఏముందో అడగనే లేదు నేను. ఆయనా చెప్పలేదు. ఇద్దరం ఒకరి దిల్ ఒకరం రఖ్ లేస్తూ కూచున్నాం.

పిల్లకి ఇవేం పట్టలేదు. పేజీ తిప్పింది. ఇష్టమైన చోటు? ఉమ్దానగర్ స్టేషన్ అన్నారు. (బయటి ఊళ్ళవాళ్ళకి తెలియదేమో, మా శంషాబాద్ రైల్వే స్టేషన్ పేరు ఉమ్దానగర్.) అక్కడేముంది అబ్బా అని నవ్వింది. "ఏమీ లేదు బేటా. ఇటు పోతే కాచిగూడ, అటు పోతే షాద్‌నగర్. సాయంత్రానికి అందరూ ఇంటికొచ్చేస్తారు."

మొదటి యాద్?

ఆయన గడ్డంతో లైట్లవైపు చూపించారు. "అక్కడెక్కడో ద్రాక్షతోట ఉండేది. అనాబ్-ఎ-షాహీ. మా అబ్బా అక్కడ కూలీ. నాకు పందిరి కింద రేకుడబ్బా కొట్టే పని, పిట్టలు రాకుండా." ఈ ఎయిర్‌పోర్ట్ కోసం దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నారు. జమీన్ మాది కాదు కాబట్టి ముఆవజా మాటే లేదు, అందుకే కాబోలు ఆ తోట మాట మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఏ రన్‌వే కింద ఉందో ఆ పందిరి. దాని మీదుగానే ఆయన ప్రతిసారీ ఎగిరిపోతున్నారు.

"ఖ్వాబ్ ఏ జబాన్‌లో వస్తుంది?" ఈ సవాల్ పుస్తకంలో లేదు, మా బేటీ సొంతం.

"తెలుగులో."

ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. దమ్మామ్‌లో హిందీ, నాలుగు ముక్కల అరబీ. తెలుగెక్కడిది?

"తోటలో అందరూ తెలుగే కదా. ముసలి తోటమాలి పిలుస్తుంటాడు, ఓ పిలగా, పిట్టలొచ్చినయ్ రా అని. డబ్బా కోసం వెతుక్కుంటా. దొరికేలోపు అలారం మోగుతుంది."

పిల్ల అది రాయలేదు. పెన్ను పట్టుకుని ఆయన మొహమే చూస్తూ కూచుంది.

తర్వాత పుస్తకం ఆయన లాక్కుని నావైపు తిరిగారు. "మేడమ్ గారూ, మీకు ఇష్టమైన రంగు?"

నవ్వేద్దామనుకున్నాను. జవాబు రాలేదు. పిల్ల ఫ్రాకు రంగు, పర్దాల రంగు, అత్తమ్మ చున్నీ రంగు అన్నీ నేనే ఎంచుతాను. నాకేది ఇష్టమో? "గులాబీ" అన్నారాయన, నికాహ్ జోడా గుర్తుంచుకుని. అది మా అమ్మీ పసంద్. "మరేంటి?" అంటూనే గడియారం చూశారు. వక్త్ అయిపోయింది.

గేటు దగ్గర జవానుకి పాస్‌పోర్ట్ చూపిస్తూ వెనక్కి తిరిగి "రంగ్ బోలో!" అని అరిచారు. చుట్టుపక్కల చాపలవాళ్ళంతా నన్నే చూశారు. సిగ్గుతో చెయ్యి ఊపేశాను.

జుమ్మా నమాజ్ అయ్యాక ఫోన్ వచ్చింది. స్లామ్ బుక్‌లో నా పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. పైసల సంగతి ఎత్తుతారనుకుని బ్యాంకు కాగితం చేతిలో పట్టుకుని కూచున్నాను.

"ఈరోజు ఏం వండావ్?"

"పచ్చిపులుసు."

అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత అడిగారు: "ఉల్లిగడ్డ కోసి వేశావా, చేత్తో పిసికి వేశావా?"